మిర్చి సీజన్‌లో ఇళ్లన్నీ తాళాలే, థీసిస్ డేటా ఎట్లా తీసుకోవాలి?

ఓరుగల్లు_పీజీ:
అందరికీ నమస్తే. వరంగల్‌లో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నా. ములుగు వైపు ఊళ్లలో బీపీ, షుగర్ ఎంతమందికి ఉన్నాయి, అందులో మందులు వాడేది ఎంతమంది అనేది థీసిస్. లిస్టులోంచి ఇళ్లను లాటరీ పద్ధతిలో తీసుకున్నా, తీరా పోతే తొమ్మిదికల్లా సగం ఇళ్లకు తాళాలు, అందరూ మిర్చి ఏరబోయారు, ఉన్నది ముసలివాళ్లు, పిల్లలే. వాళ్లు కూడా వేలికి సూది అనగానే వెనక్కి జరుగుతున్నారు. ఒకాయన "ఈ రక్తం ఎక్కడికి పోతది సారూ" అన్నాడు. తాళం ఉంటే పక్కింట్లో తీసుకుని పని కానివ్వమంటున్నారు సీనియర్లు. కానివ్వొచ్చా?

ఫీల్డ్_అన్న:
వద్దు తమ్మీ. పక్కింట్లో ఆ టైమ్‌కి దొరికేది ఇంకో ముసలాయనే. ముందురోజు ఆశా వర్కర్‌తో చెప్పించి పొద్దున ఆరింటికే ఊళ్లో ఉండు, ఎట్లాగూ ఫాస్టింగ్ షుగర్‌కి పరగడుపే కావాలి కదా. అక్కడ ఇంకో తిరకాసు ఉంది. "ఏమన్నా తిన్నవా అవ్వా" అంటే "ఏం తినలే బిడ్డా" అంటది, అబద్ధం కాదు, చాయ్‌ని ఎవరూ తిండి కింద లెక్కేయరు. చాయ్ సంగతి విడిగా అడుగు, తాగితే మర్నాడు రా, మళ్లీ రావడం కుదరకపోతే ర్యాండమ్, అంటే పరగడుపున తీసింది కాదు అని రాసుకో.
వయసు అడిగితే అందరూ నలభై, యాభై, అరవై అనే చెప్తారు. ఆధార్‌లో చూద్దామంటే చాలామందికి జనవరి 1 ఉంటది! పెళ్లి, పెద్దకొడుకు వయసు అడిగి లెక్కకట్టాలి.

లెక్కల_పంతులు:
దొరకనివాళ్లు అంటే కూలికి పోయే వయసువాళ్లే. వాళ్ల బదులు ముసలివాళ్లను నింపితే ఊరంతా బీపీ ఉన్నట్టు లెక్క వస్తుంది, తర్వాత వయసుల వారీగా సరిచేసినా పూర్తిగా పోదు, ఎందుకంటే పగలు ఇంట్లో ఉన్న నలభై ఏళ్ల మనిషి చాలాసార్లు ఒంట్లో బాగాలేకే ఉంటాడు. తాళం ఉన్న ఇంటికి వేరే వేరే టైముల్లో కనీసం మూడుసార్లు పోండి, అప్పటికీ దొరక్కపోతే దొరకలేదనే రాయండి.
బీపీకి డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) వాళ్ల స్టెప్స్ అనే సర్వే పద్ధతి వాడండి, మూడు రీడింగులు తీసి చివరి రెండింటి సగటు. మీ టీమ్ ఫారాలన్నిట్లో 120/80, 130/80 కనిపిస్తున్నాయంటే మిషన్ పెట్టకుండానే నింపుతున్నారేమో చూసుకోండి.

ఏటూరునాగారం_పిల్ల:
ఆ పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్న సార్. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్టులో హాస్టల్ పిల్లల ఒప్పుకోలు ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు, 2010లో ఆపేశారు. కొందరు పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో అన్నారు గానీ సంతకాల సంగతి అట్లనే మిగిలింది. కోయ గూడేలకు పోతే కోయ మాట్లాడే మనిషిని తీసుకుపోండి. ఒప్పుకోలు ఫారం మీద వేలిముద్ర వేయిస్తే సాక్షి మీ టీమ్‌లోవాళ్లు కాకూడదు. రీడింగ్ చీటీ మీద రాసి చేతికివ్వండి, ఎక్కువుంటే ఏ పీహెచ్‌సీకి పోవాలో చెప్పండి. పింఛన్, రేషన్ సర్వే కాదని ముందే చెప్పకపోతే ఎవరూ నిజం చెప్పరు.

ఓరుగల్లు_పీజీ:
థాంక్స్ అందరికీ. పొద్దున దొరకనివాళ్ల కోసం రాత్రి ఏడు తర్వాత పోతే చాలామంది కల్లు తాగి ఉంటారు, అప్పుడు బీపీ చూడొచ్చా అన్నా?

ఫీల్డ్_అన్న:
చూడకు. తాగి ఉంటే ప్రశ్నలు కూడా వద్దు, పొద్దున ఎన్నింటికి రావాలో మాట్లాడుకుని వచ్చేయ్. పొద్దున కూడా బీడీ, చాయ్ అయితే అరగంట కూర్చోబెట్టి తీయాలి.