చిన్న ఇంటికి పిల్లర్లు తప్పనిసరా? గోడల మీద స్లాబు వేయకూడదా?

ఒంగోలు వాసి:
ఒంగోలు శివార్లలో 150 గజాల స్థలం ఉంది. ఇప్పుడు కింద ఒక పోర్షన్ కట్టి, తర్వాత పైన ఇంకొకటి వేయాలని ఆలోచన. పిల్లర్లు లేకుండా పని పట్టనని మేస్త్రి అంటున్నారు. మా బాబాయి ఇల్లు మాత్రం ఎప్పటినుంచో 9 అంగుళాల గోడల మీదే ఉంది, ఎక్కడా బీట లేదు. ఎవరి మాట వినాలి? ప్లింత్ బీమ్, లింటెల్ బ్యాండ్ అంటే ఏమిటో కూడా చెప్పండి.

సైటు ఇంజనీరు:
మేస్త్రి మాటే వినండి. పిల్లర్ల ఇంట్లో స్లాబు బరువు బీముల మీదుగా పిల్లర్లకు, అక్కడినుంచి ఫుటింగులకు, అంటే పిల్లరు కింది పునాది దిమ్మెలకు దిగుతుంది. రేపు హాలు పెద్దది చేసుకోవాలంటే మధ్య గోడ తీసేయవచ్చు. గోడల ఇంట్లో, అంటే లోడ్ బేరింగ్‌లో, స్లాబును మోసేది గోడే. దాన్ని ముట్టుకోకూడదు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో భూకంపానికి కూలినవి గోడల ఇళ్లే కదా?

ఇటుక కట్టుబడి:
లాతూరు ఉదాహరణ ఇక్కడ అతకదండీ. అక్కడ కూలినవి మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు. మరి 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి, 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో కూలినవి పిల్లర్ల అపార్టుమెంట్లే. వాటిలో చాలావాటికి కింది అంతస్తులో పార్కింగ్ కోసం గోడలు లేవు.

మన ఊళ్లలో పిల్లరు ఎలా వేస్తున్నారో చూడండి. 9 అంగుళాలంటే 230 మిల్లీమీటర్లు. ఒంగోలు ఉన్న భూకంప జోన్ 3లో పిల్లరు ఏ వైపూ 300 మిల్లీమీటర్లకు తగ్గకూడదని భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 13920 (2016) చెబుతోంది. పిల్లరులో నిలువు రాడ్ల చుట్టూ కట్టే ఇనుప రింగు కొనలు 135 డిగ్రీలకు వంగి లోపలి కాంక్రీటులో దిగాలి. సైటులో 90 డిగ్రీలకు వంచి వదిలేస్తారు. గట్టి కుదుపు వస్తే రాడ్ల పైనున్న కవరు కాంక్రీటు రాలి, ఆ కొనలు విచ్చుకుంటాయి, నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి. 1967లో ఒంగోలులో భూమి కంపించిన సంగతి మరిచిపోకండి.

ఇక మీరు అడిగిన మాటలు. తలుపు, కిటికీల పైన వేసే దూలం లింటెల్. దాన్ని అక్కడితో ఆపకుండా అన్ని గోడల మీదుగా ఇల్లంతా చుట్టి, మూలల్లో రాడ్లను వంచి కలిపితే లింటెల్ బ్యాండ్. గోడలు విడివిడిగా ఊగకుండా అదే పట్టి ఉంచుతుంది. బేస్‌మెంట్ మట్టంలో పిల్లర్లను కలిపేది ప్లింత్ బీమ్. గోడల ఇంట్లో ఆ మట్టంలో వేసేది ప్లింత్ బ్యాండ్. వీటికి తోడు మూలల్లో నిలువు రాడ్లు పెడితే రెండంతస్తుల ఇంటికి పిల్లర్లు అక్కర్లేదు.

నల్లరేగడి నేల:
ఇద్దరూ మట్టి సంగతి వదిలేశారు. ప్రకాశం జిల్లాలో చాలాచోట్ల నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. లోతు లేని పునాది మీద కట్టిన మా గోడల ఇంటికి కిటికీ మూలలనుంచి ఏటవాలుగా బీటలు వచ్చాయి. ఒకదానిలో వేలు పడుతుంది. బాబాయిగారి ఇల్లు ఏ నేల మీద ఉందో ముందు కనుక్కోండి.

ఇటుక కట్టుబడి:
నిజమే, కానీ నల్లరేగడి పిల్లర్లనూ వదలదు. పైపైన వేసిన ఫుటింగులు ఒక్కొక్కటి ఒక్కోలా కదులుతాయి. అక్కడ అండర్ రీమ్డ్ పైల్స్ కావాలి, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు. తేమ మారని లోతుకు వాటిని దించి, పైన బీములతో కలపాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వృద్ధి చేసిన పద్ధతి ఇది. ఆ పునాది మీద గోడలైనా నిలుస్తాయి, పిల్లర్లైనా నిలుస్తాయి.

సైటు ఇంజనీరు:
రింగుల విషయంలో మీతో వాదించను. అయితే గోడ భారం మోయాలంటే ఇటుక గట్టిదై ఉండాలి, కట్టుబడి తూకానికి, అంటే నిట్టనిలువుగా లేవాలి, క్యూరింగ్ (నీళ్లతో తడపడం) సరిగా జరగాలి. ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోయాయి, అందుకే నా ఓటు ఇప్పటికీ పిల్లర్లకే. కాకపోతే 9 అంగుళాలవి వద్దు, 12 అంగుళాలు వేయించండి. ఒంగోలు వాసి గారూ, మట్టి పరీక్ష నివేదిక రాగానే ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా మేస్త్రికి అడ్వాన్సు ఇవ్వకండి.