రేడియోలో నవ్వించినవాడు సినిమాలో తేలిపోతే కారణం స్టేజీ లేకపోవడమేనా?

మైకుమామ:
అవునంటాను. రేడియోలో చేతిలో స్క్రిప్టు, చూపు దాని మీదే. మైకుకి జానెడు దూరంలో కదలకుండా నిలబడి ఏళ్లు గడిపినవాడికి క్లోజప్‌లో కళ్లెక్కడ పెట్టాలో, చేతులేం చేయాలో తెలీదు. ముందు స్టేజీ, తర్వాతే కెమెరా.

తెరచాటు:
స్టేజీవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ఆఖరి వరసకి కనబడాలని ఎగరేసిన కనుబొమ్మ క్లోజప్‌లో గజం పొడవు అవుతుంది. పైగా 1930ల అమెరికన్ రేడియో హాస్యం చాలావరకు స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి చేసిందే. హాస్యనటుడు ఎడ్ విన్ అయితే వేషం వేసుకుని మరీ మైకు ముందుకొచ్చేవాడు.

మైకుమామ:
ఎడ్ విన్ వాడ్‌విల్ (పాటలు, హాస్యం, గారడీ కలిపిన అమెరికన్ వెరైటీ షో) స్టేజీ మీద పుట్టినవాడండీ. రేడియో హాస్యగాళ్లు జాక్ బెన్నీ, బాబ్ హోప్ కూడా అక్కడివాళ్లే. నా మాటే నిలబడింది.

తెరచాటు:
మరి అదే బెన్నీ 1945 సినిమా బోల్తా కొట్టింది కదా? తర్వాత ఏళ్లతరబడి తన రేడియో షోలోనే దాని మీద జోకులేసుకున్నాడు. స్టేజీ ఉంది, ఏం లాభం?

కత్తెర:
ఇద్దరూ అసలు చిక్కు వదిలేశారు: నవ్వుకి ఇచ్చే జాగా. స్టేజీ మీద నవ్వు పైకెక్కి సన్నబడుతుండగా తర్వాతి డైలాగ్ అందుకుంటారు. పూర్తిగా ఆగేదాకా ఉంటే ఊపు పోతుంది. షూటింగ్‌లో యూనిట్ నవ్వితే టేక్ పోతుంది, కాబట్టి అంచనా మీద ఆగాలి. తక్కువ ఆగితే నిండిన హాల్లో తర్వాతి మాట నవ్వులో మునుగుతుంది. ఎక్కువ ఆగితే, పదిమంది ఉన్న హాల్లో నటుడు డైలాగ్ మర్చిపోయాడనుకుంటారు. విరుగుడు: జోకు అవగానే, విన్నవాడి ముఖం మీద మాటల్లేని రియాక్షన్ షాట్ విడిగా 5 సెకన్లు తీసిపెట్టుకోవడం. 2కి కోసుకోవచ్చు, తీయనిది పెంచలేం. హాస్యనటులైన అన్నదమ్ములు మార్క్స్ బ్రదర్స్ తమ సినిమా ‘ఎ నైట్ ఎట్ ది ఓపెరా’ (1935) సీన్లు ముందుగా ఊరూరా స్టేజీ మీద ఆడి, ఎక్కడ ఎంతసేపు నవ్వుతున్నారో లెక్క రాసుకున్నాకే షూటింగ్‌కి వెళ్లారు.

తెరచాటు:
ఇది ఒప్పుకుంటా. కానీ రేడియో నేర్పేదీ ఉంది. 1938లో గాయని కేట్ స్మిత్ రేడియో షోలో హాస్యజంట అబ్బాట్, కాస్టెల్లోల గొంతులు ఒకేలా ఉండి ఎవరు ఏది అన్నారో తెలియలేదు. కాస్టెల్లో గొంతు పైకెత్తి పిల్లాడిలా మాట్లాడాల్సొచ్చింది. స్టేజీ మీద ఆకారాలు చూసి పోల్చుకునేవాళ్లు కనక ఆ లోపం బయటపడలేదు.

కత్తెర:
ఊరూరా తిరిగే డబ్బు లేకపోతే, సీన్ తెలియని ఓ ముప్పైమంది ముందు చదివించి స్టాప్‌వాచ్ పెట్టండి. యూనిట్‌వాళ్లు పనికిరారు, జోకు ముందే తెలుసు.

మైకుమామ:
జనం ముందు నిలబెట్టి చెప్పించడాన్నే స్టేజీ అంటారు కత్తెరగారూ!