వీసా గడువు దాటిన కుటుంబంలోని అమ్మాయికి న్యూజెర్సీలో కాలేజీ చదువు సాధ్యమేనా?

ఎడిసన్ మేనమామ

నమస్కారం. మా మేనకోడలి చదువు విషయంలో తెలిసినవారి సలహా కోరుతూ రాస్తున్నాను. అమ్మాయి 2016లో, ఎనిమిదేళ్ల వయసులో, తల్లిదండ్రులతో పాటు హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగి కుటుంబానికి ఇచ్చేది) మీద అమెరికా వచ్చింది. కొన్నేళ్లకు మా బావగారి ఉద్యోగం పోయింది. అరవై రోజుల గడువులోగా మరో కంపెనీ దొరకలేదు. ఊళ్లో అప్పులు, ఇక్కడే పుట్టిన చిన్నవాడి వైద్యం ఒకేసారి మీద పడడంతో వాళ్లు వెనక్కి వెళ్లలేకపోయారు. అలా నలుగురిలో ముగ్గురికి స్టేటస్, అంటే ఇక్కడ ఉండే చట్టబద్ధ హోదా, లేకుండా పోయింది. అమ్మాయి ఇప్పుడు పన్నెండో తరగతి చదువుతోంది. మార్చిలో పద్దెనిమిదేళ్లు నిండుతాయి, జూన్‌లో హైస్కూల్ పూర్తవుతుంది. నర్సింగ్ చదవాలని ఎంతో ఆశ పెట్టుకుంది.

తరగతిలో అందరూ ఫాఫ్సా అనే సమాఖ్య విద్యార్థి ఆర్థిక సహాయ దరఖాస్తు నింపుతుంటే, తనకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని కౌన్సెలర్‌కు చెప్పలేక, ఇక కాలేజీకే వెళ్లనని ఇంట్లో అంటోంది. అక్కా బావలు ఈ సంగతి గుడిలో గానీ, తెలుగు సంఘాలలో గానీ ఎవరికీ తెలియనివ్వలేదు. స్టేటస్ లేని విద్యార్థిని కాలేజీలో చేర్చుకుంటారా? ఫీజు విదేశీ విద్యార్థుల లెక్కన కట్టాలా? కాలేజీవారు ప్రభుత్వానికి సమాచారం ఇస్తారా? చిన్నప్పుడు వచ్చి స్టేటస్ లేకుండా ఉన్నవారికి తాత్కాలిక రక్షణ, పని అనుమతి ఇచ్చే డాకా అనే ఏర్పాటు ఈ అమ్మాయికి వర్తిస్తుందా? దయచేసి తెలియజేయండి.

కౌంటీ కాలేజీ సలహాదారు

అన్నగారూ, ముందుగా అమ్మాయికి ఒక మాట చెప్పండి: స్టేటస్ లేనివారు కాలేజీలో చదవకూడదని అమెరికా సమాఖ్య చట్టం ఎక్కడా చెప్పలేదు. పన్నెండో తరగతి దాకా బడి తలుపు ఎవరికీ మూయకూడదని 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ రక్షణ కాలేజీకి వర్తించదు కాబట్టి, అక్కడి నుంచి ప్రతి రాష్ట్రం తన నిబంధన తాను పెట్టుకుంది. మీరు న్యూజెర్సీలో ఉండడం ఆ అమ్మాయి అదృష్టం.

ఇక్కడ 2013 చివరలో వచ్చిన చట్టం ప్రకారం, రాష్ట్రంలోని హైస్కూల్లో కనీసం మూడేళ్లు చదివి, ఇక్కడే ఉత్తీర్ణత పొందిన స్టేటస్ లేని విద్యార్థి ప్రభుత్వ కాలేజీలలో రాష్ట్ర నివాసులు కట్టే ఫీజే కడితే చాలు. అర్హత రాగానే స్టేటస్ కోసం దరఖాస్తు చేసుకుంటానని ఒక ప్రమాణపత్రం మీద సంతకం చేసి కాలేజీకి ఇవ్వాలి. 2018లో ఇంకో అడుగు వేసి, అదే విద్యార్థులకు రాష్ట్ర ఆర్థిక సహాయాన్ని కూడా తెరిచారు. ఆ సహాయానికి ఫాఫ్సా నింపకూడదు. హెసా అని పిలిచే రాష్ట్ర విద్యార్థి సహాయ సంస్థ దగ్గర ఇటువంటి విద్యార్థుల కోసమే వేరే దరఖాస్తు ఉంది, అది నింపాలి. ఫాఫ్సా సమాఖ్య ప్రభుత్వానికి వెళ్లే కాగితం, దానివల్ల ఈ అమ్మాయికి ఒక్క డాలరు కూడా రాదు.

నా సలహా కౌంటీ కాలేజీతో, అంటే రెండేళ్ల స్థానిక ప్రభుత్వ కాలేజీతో, మొదలుపెట్టమని. కుటుంబ వార్షికాదాయం 65,000 డాలర్ల లోపు ఉంటే, ఇతర సహాయాలు పోగా మిగిలిన ట్యూషన్‌ను రాష్ట్రమే భరించే పథకం కౌంటీ కాలేజీలలో నడుస్తోంది. బావగారు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికి పన్నుల శాఖ ఇచ్చే పన్ను నంబరుతో, పన్నులు దాఖలు చేస్తూ ఉంటే ఆదాయం చూపించడం తేలిక. అలా చేయకపోయి ఉంటే ఆ సంగతి ముందుగా వకీలుతో మాట్లాడండి.

నర్సింగ్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే నిరుత్సాహపడి వేరే కోర్సుకు మారిపోతారు. వృత్తి లైసెన్సు ఇవ్వడానికి వలస స్టేటస్ అడ్డుకారాదని న్యూజెర్సీ 2020లో చట్టం చేసింది. కాబట్టి చదువు పూర్తయ్యాక పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకునే దారి ఉంది. అయితే లైసెన్సు వేరు, పని అనుమతి వేరు. రెండవది సమాఖ్య ప్రభుత్వం చేతిలో ఉంటుంది, అది లేనిదే ఆసుపత్రి జీతమిచ్చి పనిలో పెట్టుకోలేదు. పైగా చదువు మధ్యలో క్లినికల్ శిక్షణకు ఆసుపత్రులకు పంపేటప్పుడు నేపథ్య తనిఖీ ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని విద్యార్థికి ఆ తనిఖీ ఎలా చేస్తారో, చేరకముందే నర్సింగ్ విభాగాన్ని అడిగి తెలుసుకోవాలి. పేరు చెప్పకుండా కూడా అడగవచ్చు: 'హెసా ప్రత్యేక దరఖాస్తు వాడే విద్యార్థులు ఈ కోర్సులో ఉన్నారా?' అంటే వారికి అర్థమవుతుంది. స్కూల్ కౌన్సెలర్‌తో కూడా అమ్మాయి అలాగే మాట మొదలుపెట్టవచ్చు.

గోప్యత గురించి: విద్యార్థి రికార్డులను అనుమతి లేకుండా బయటికి ఇవ్వకూడదని 1974 నాటి ఫెర్పా చట్టం కాలేజీలను కట్టడి చేస్తుంది. కోర్టు ఉత్తర్వు వస్తే మాత్రం ఇవ్వవలసి రావచ్చు. పేరు, చిరునామా వంటి డైరెక్టరీ వివరాలు కూడా ఇవ్వవద్దని విద్యార్థి రాసి ఇవ్వవచ్చు, చేరిన మొదటి రోజే ఆ పని చేయించండి. పాఠశాలలు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాలలో అరెస్టులను పరిమితం చేసిన పాత విధానాన్ని కేంద్రం 2025 జనవరిలో రద్దు చేసిన మాట నిజం, కాబట్టి భయమే అవసరం లేదని నేను చెప్పను. తరగతి గదుల వంటి, అందరికీ ప్రవేశం లేని చోట్లకు రావాలంటే జడ్జి సంతకమున్న వారెంటు కావాలన్నది ఇప్పటికీ ఉంది.

వలస న్యాయ కార్యాలయంలో సహాయకురాలు

పై వివరాలన్నీ బాగున్నాయి. నేను తేదీల గురించి రాస్తాను, ఎందుకంటే ఈ కుటుంబానికి అన్నిటికంటే తొందరగా తెలియవలసింది అదే.

ముందు డాకా సంగతి. అది 2012 జూన్ 15న ప్రకటించిన ఏర్పాటు. 2007 జూన్ 15 నుంచి ఇక్కడ వరుసగా నివసిస్తూ ఉన్నవారికే వర్తిస్తుంది. 2016లో వచ్చిన అమ్మాయికి వర్తించదు. ఈ రోజు కాలేజీలలో చేరుతున్న స్టేటస్ లేని పిల్లలలో అధిక భాగం పరిస్థితి ఇదే, కనుక డాకా దరఖాస్తు చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఆ గడప తొక్కకండి.

ఇక అసలు విషయం. అక్రమ నివాస కాలం పద్దెనిమిదేళ్లు నిండేవరకు పిల్లల లెక్కలోకి రాదు. నిండిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. 180 రోజులు దాటాక దేశం విడిచి వెళితే మూడేళ్లు, ఏడాది నిండాక వెళితే పదేళ్లు తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. మీ మేనకోడలికి మార్చిలో పద్దెనిమిది నిండుతాయి గనుక, ఆ పుట్టినరోజు నుంచి 180 రోజులు దాటకముందే వెళ్లిపోతే ఈ నిషేధాలు ఆమెకు తగలవు. అంటే వెళ్లిపొమ్మని నేను చెప్పడం లేదు. భారతదేశంలో గానీ, కెనడాలో గానీ చదివి, తరువాత ఎప్పుడైనా సొంతంగా విద్యార్థి వీసాకో ఉద్యోగ వీసాకో దరఖాస్తు పెట్టుకునే తలుపు తెరిచి ఉండే చివరి నెలలు ఇవి. ఆ వీసా వస్తుందన్న హామీ ఏమీ లేదు. ఆ తలుపు మూసుకుంటుందని తెలిసి ఇక్కడ ఉండిపోవడం ఒక నిర్ణయం, తెలియకుండా ఉండిపోవడం వేరు. అందుకే పుట్టినరోజుకు ముందే వకీలును కలవాలి. ఆ 180 రోజులు దాటాక మాత్రం, నాయనమ్మకు ఒంట్లో బాగాలేదన్నా సరే, వకీలును అడగకుండా విమానం ఎక్కకూడదు.

ఇక్కడే ఉంటే ఆమె చేతిలో ఒక బలం ఉంది. ఆమె వీసాతో, తనిఖీ దాటి, చట్టబద్ధంగా దేశంలోకి వచ్చింది. తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చినవారికి లేని సౌలభ్యం ఇది: భవిష్యత్తులో అమెరికా పౌరుడిని నిజంగా ప్రేమించి పెళ్లి చేసుకుంటే, గడువు దాటి ఉన్నా ఇక్కడి నుంచే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయవచ్చు. అందుకు రుజువు కావాలి గనుక ఐ-94 పత్రం (దేశంలోకి ప్రవేశించిన రికార్డు), వీసా ముద్ర ఉన్న పాత పాస్‌పోర్టు, హెచ్-4 ఆమోద పత్రాలు భద్రపరచండి. భారత పాస్‌పోర్టు గడువు తీరనివ్వకండి.

ఒక హెచ్చరిక. ఉద్యోగ దరఖాస్తులో గానీ, డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో గానీ, ఓటరు నమోదు కాగితంలో గానీ 'అమెరికా పౌరులా?' అన్న గడిలో ఔనని గుర్తు పెడితే, దానికి దాదాపు క్షమాపణ ఉండదు. పెళ్లి ద్వారా వచ్చే దారి కూడా దానితో మూసుకుపోతుంది. న్యూజెర్సీలో 2021 మే నుంచి స్టేటస్‌తో సంబంధం లేకుండా మామూలు డ్రైవింగ్ లైసెన్సు ఇస్తున్నారు. అది తప్పక తీసుకోండి, కానీ అక్కడ ప్రతి గడీ చదివి నింపమని అమ్మాయికి గట్టిగా చెప్పండి.

ఫ్రిస్కో విద్యార్థి

నేను టెక్సస్‌లో చదువుతున్నాను. నా స్నేహితులలో మీ మేనకోడలి వంటివారు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. స్టేటస్ లేని విద్యార్థులకు రాష్ట్ర ఫీజు ఇచ్చిన మొదటి రాష్ట్రాలలో టెక్సస్ ఒకటి, 2001 నుంచి ఇచ్చింది. 2025 జూన్‌లో కేంద్ర న్యాయశాఖ దావా వేసిన రోజే రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోవడంతో కోర్టు ఆ చట్టాన్ని ఆపేసింది. వేసవి సెలవులు ముగిసేసరికి ఫీజు కట్టలేక చదువు ఆపినవారిని నేను చూశాను. ఫ్లోరిడా అదే ఏడాది తన చట్టాన్ని తానే రద్దు చేసుకుంది. మన తెలుగువారు ఎందరో ఉన్న జార్జియాలో ఆ ఫీజు మినహాయింపు లేదు. కెంటకీ, మిన్నెసోటా, ఇల్లినాయి మీద కూడా దావాలు పడ్డాయి. అందువల్ల, బావగారికి వేరే రాష్ట్రంలో పని దొరికినా, అమ్మాయి చదువు పూర్తయ్యేదాకా న్యూజెర్సీ వదలవద్దని నా మనవి. ప్రతి సెమిస్టరుకూ ముందు ఫీజు నిబంధన మారిందేమో కాలేజీలో అడుగుతూ ఉండండి.

విరాళాల విషయానికి వస్తే, ద డ్రీమ్ డాట్ యుఎస్ అనే సంస్థ డాకా లేనివారికి కూడా స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. ఇమిగ్రెంట్స్ రైజింగ్ అనే సంస్థ ఏటా ఇటువంటి స్కాలర్‌షిప్పుల పట్టిక తయారు చేస్తుంది. అమ్మాయి మార్కులు చాలా బాగుంటే ప్రిన్స్‌టన్‌ను కూడా వదలకండి, అక్కడ స్టేటస్ చూడకుండా ప్రవేశమూ పూర్తి సహాయమూ ఇస్తారు.

మరొక మాట చెప్పాలని ఉంది. 2011లో వీసా మోసాల కేసులో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు కాళ్లకు ఎలక్ట్రానిక్ నిఘా పట్టీలు వేయించుకున్నవారిలో, 2019లో ఫార్మింగ్‌టన్ నకిలీ విశ్వవిద్యాలయం కేసులో పట్టుబడినవారిలో అధికులు మన తెలుగు పిల్లలే. అప్పుడు మన సంఘాలు వకీళ్లను ఏర్పాటు చేసి అండగా నిలిచాయి. స్టేటస్ పోవడం మనవాళ్లకు కొత్త కాదు, దాని గురించి మాట్లాడకపోవడమే ఎక్కువ నష్టం చేస్తోంది. అందరికీ చెప్పనక్కరలేదు, నమ్మకమైన ఒక్కరికి చెప్పినా అమ్మాయి మీద బరువు తగ్గుతుంది.

ఎడిసన్ మేనమామ

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. పద్దెనిమిదేళ్ల లెక్క మాలో ఎవరికీ తెలియదు. ఈ సాయంత్రం అక్కా బావలతో కూర్చుని చదివి వినిపించాను. అమ్మాయి ఇక్కడే ఉండాలంటోంది, బావగారు మాత్రం హైదరాబాద్ పంపడం గురించి ఆలోచిస్తున్నారు. డబ్బు ఎక్కువ లేని మాకు వకీలు ఎక్కడ దొరుకుతారు?

వలస న్యాయ కార్యాలయంలో సహాయకురాలు

ఫీజు లేకుండా చూసే లాభాపేక్ష లేని న్యాయ సంస్థలు మీ జిల్లాలోనే ఉంటాయి. వకీలు కాని వ్యక్తి మీ కేసు చూస్తానంటే, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధేనా అని ముందు అడగండి. అమ్మాయి తరువాత రట్గర్స్‌లో చేరితే అక్కడి లా స్కూల్ వారు తమ విద్యార్థులకు ఉచితంగా వలస న్యాయ సహాయం ఇస్తారు, కానీ మీకు మార్చి లోపల కావాలి కాబట్టి దానికోసం ఆగకండి. హైదరాబాద్ ఆలోచన ఉంటే, ఇక్కడి పన్నెండో తరగతికి భారత విశ్వవిద్యాలయాల సంఘం నుంచి సమానత్వ పత్రం కావాలి, స్థానిక కోటా వర్తించకపోవచ్చు. రెండు దారుల ఖర్చూ ఒక కాగితం మీద వేసుకుని వెళ్లండి. వకీలు గదిలో కొంతసేపు అమ్మాయిని ఒంటరిగా మాట్లాడనివ్వండి, ఎందుకంటే తల్లిదండ్రుల ముందు పిల్లలు తమకు ఏమి కావాలో చెప్పరు.