అప్‌డేట్: మేనిఫోల్డ్ కింద ఆయిల్ చిందడం ఆగింది

జీపులో వేసిన షెవర్లే 350 వీ8కి అల్యూమినియం ఇన్‌టేక్ మేనిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే భాగం) మార్చాక పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లని మళ్లీ మేనిఫోల్డ్‌లోకి లాగేది) ఆయిల్ లాగేసి నీలం పొగ వస్తోందని అడిగాను కదా, అది తేలింది. అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "మేనిఫోల్డ్ తిరగేసి చూడు" అన్న అన్నకి.

బెంగళూరు జేసీ రోడ్డు మెకానిక్ విప్పి చూస్తే అదే. పాత మేనిఫోల్డ్ అడుగున రివెట్లతో కొట్టిన రేకు ఉంది, కొత్తదానికి లేదు, దాంతో లిఫ్టర్ల (వాల్వులని ఎత్తే ముక్కలు) దగ్గర ఎగిరే వేడి ఆయిల్ నేరుగా అడుగుకి కొడుతోంది, పీసీవీ కన్నమేమో సరిగ్గా దాని పైనే ఉంది. కన్నం చుట్టూ నల్లగా మాడిన మడ్డి, గోటితో గీకితే పెచ్చులుగా ఊడింది.

రేకు కత్తిరించి, అడుగుకీ దానికీ కొంచెం సందు వదిలి, చిన్న బోల్టులకి థ్రెడ్ లాకర్ (వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించాడు. రివెట్లు వద్దన్నాడు, ఒక్కటి ఊడి లోపల క్యామ్ (వాల్వులని నడిపే కడ్డీ) దగ్గర పడితే ఇంజిన్ గోవిందా.

పిస్టన్ రింగులు పోయాయన్న అనుమానం వట్టిదే, కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) అన్ని సిలిండర్లలోనూ బాగుంది. చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్ పోసినా తేడా రాలేదు. క్యాచ్ క్యాన్ (పీసీవీ గొట్టం మధ్యలో పెట్టే డబ్బా) వచ్చిన ఆయిల్‌ని పడుతుందే గానీ రాకుండా ఆపదు. అయినా ఉంచాను, నంది కొండ ఎక్కి దిగాక చూస్తే క్యాన్ అడుగున కాస్త తడి, అంతే.