ఫిన్లాండ్ ‘కల’కీ మన ‘కల’కీ చుట్టరికం ఉందా?

ప్రశ్న:
మనకు ‘కల’ అంటే స్వప్నం. ఫిన్నిష్‌లో ‘కల’ అంటే చేపట, గ్రీకులో ‘కలా’ అంటే ‘బాగా’ అట. వీటన్నిటికీ మూలం ఒకటే కావచ్చా? మన ‘కళ’ కూడా ఇందులోంచే వచ్చిందా?

జవాబు:
కాదండీ. ముందు మన ఇంటి లెక్క తేల్చుకుందాం. అసలు తెలుగులోనే ‘కల’ ఒక్క మాట కాదు.

స్వప్నం అనే ‘కల’ ద్రావిడం. తమిళంలో కనవు, కనా; కన్నడంలో కనసు; మలయాళంలో కనవు, కినావు. వాటిలో ‘న’ ఉన్నచోట మనకు ‘ల’ ఉండటం కాస్త ఇబ్బందే అయినా, ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటిని ఒకే చోట చేర్చింది. ‘కలగను’లో ‘కను’ ఉంది కదా, ‘చూడు’ అనే కనులోంచే కల పుట్టిందని చాలామంది రాస్తుంటారు. వినడానికి బాగుంటుంది గానీ తమిళం ఒప్పుకోదు. చూడటానికి వాళ్ల మాట కాణ్, కన్ను కణ్. రెండిట్లోనూ ణకారమే. కనవులో ఉన్నది వేరే నకారం. తెలుగులో ఆ రెండూ ‘న’గా కలిసిపోవడంతో మనకు అవి ఒకటే అనిపిస్తాయి. ‘కలగను’ అంటే కల + కను, అంతే; ‘క’ ‘గ’గా మారింది.

రెండోది కలుగు ధాతువుది: కలదు, కలరు, కలిమి, కలవాడు. ‘పేరు గల మనిషి’లో గల ఇదే. కలకాలం అన్నా ఇదే, కాలం ఉన్నంతకాలం అని. దీనికీ నిద్రకీ సంబంధం లేదు.

మూడోది సంస్కృతం, చివర హ్రస్వం. అస్పష్టంగా, మధురంగా ఉండే ధ్వని అని అర్థం. కలకంఠి, కలరవం దీని పిల్లలు. కలకంఠిని ‘కళకంఠి’ అని రాయడం తప్పు.

నాలుగోది కూడా సంస్కృతమే, చివర దీర్ఘం: కలా. అసలు అర్థం భాగం, అంశ. చంద్రుడి పదహారో వంతు ఒక కల. విద్య, నేర్పు అనే అర్థాలూ దీనికే ఉన్నాయి. తెలుగులో ల-ళ మార్పుతో ఇది కళ అయింది. అంటే ‘కళ’ మీరన్న స్వప్నంలోంచి రాలేదు.

మరొకరు:
నాలుగోదానికి కొలతల సంగతి చేరుస్తాను, పాత గ్రంథాలు చదివేవాళ్లు ఇక్కడే పొరబడతారు. మనుస్మృతి లెక్కలో 18 నిమేషాలు (రెప్పపాట్లు, నిమిషాలు కావు) ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కల, 30 కలలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక అహోరాత్రం, అంటే పగలూ రాత్రీ కలిపి ఒక రోజు. అంటే కల 96 సెకన్లు. అమరకోశంలో 30 కలలు ఒక క్షణం, 12 క్షణాలు ఒక ముహూర్తం. అక్కడ కల 8 సెకన్లే! జ్యోతిషంలో అసలు కాలమే కాదు, కోణం: భాగలో (డిగ్రీలో) 60వ వంతు కల, అందులో 60వ వంతు వికల. ఏ గ్రంథమో చూడకుండా ‘కల అంటే ఇన్ని సెకన్లు’ అని రాస్తే లెక్క పన్నెండింతలు తప్పుతుంది.

మొదటి జవాబు కొనసాగింపు:
ఇక బయటి భాషలు. ఫిన్నిష్, ఎస్టోనియన్‌లలో కల అంటే చేప. హంగేరియన్‌లో అదే హల్. ఇది చుట్టరికమని ఎలా తెలుస్తుంది? మార్పు ఒక్క మాటకు పరిమితం కాదు. ఫిన్నిష్ కోల్మె (మూడు) హంగేరియన్‌లో హారోమ్. కువొలె- (చావు) హల్. అ, ఒ, ఉ లాంటి అచ్చుల ముందు క హ అయింది. క్యాసి (చెయ్యి) కేజ్ అయింది, కివి (రాయి) కొ అయింది. అక్కడ క నిలిచింది, ఎందుకంటే అచ్చు వేరు. ఇలా వరస కుదిరితేనే బంధుత్వం. ఈ వరసలో మన కల ఎక్కడా కూర్చోదు. పైగా ‘చేప’ నుంచి ‘స్వప్నం’కి దారేదీ? అన్నట్టు, ఫిన్నిష్ కావ్యం కలెవల పేరులో ఈ చేప లేదు. కలెవ ఒకరి పేరు, చివరి ‘ల’ చోటును చెప్పే ప్రత్యయం.

గ్రీకు కలోస్ ప్రాచీనంలో అందమైన, ఇప్పుడు మంచి. కలా అంటే బాగా. 1817లో డేవిడ్ బ్రూస్టర్ కెలైడోస్కోప్ పేరు కట్టింది ఈ మాటతోనే. సంస్కృత కల్య, కల్యాణ శబ్దాలను దీనితో ముడిపెట్టినవారున్నారు, అందరూ ఒప్పుకున్నది కాదు. హిందీ కల్ (నిన్న, రేపు) మాత్రం తెల్లవారు అనే అర్థంలోని కల్య నుంచే. గ్రీకుతో ఏదైనా పోలిక వెతకాలంటే ఆ వైపు వెతకాలి, మన స్వప్నం వైపు కాదు.

మలయ్ భాషలో కల అంటే కాలం. అది అరువు: సంస్కృత కాల, దీర్ఘం పోయింది. అరువుకి రాకపోకల చరిత్ర ఉండాలి, అక్కడ ఉంది.

హవాయి భాషలో కల అంటే విప్పు, క్షమించు. కొమ్మున్న ఒక చేప పేరు కూడా! ఫిన్నిష్‌తో కలపబోకండి. ఆ భాషలో హల్లులు 8, హ్రస్వ అచ్చులు 5. హల్లు-అచ్చు, హల్లు-అచ్చు పద్ధతిలో కుదిరే రెండక్షరాల మాటలు 1600 మాత్రమే. అన్ని తక్కువ పలుకులతో బతికే భాషకు ఎక్కడో ఒకచోట ఎవరి మాటో తగలకుండా ఉండదు. మాట ఎంత పొట్టిదైతే పోలికకి విలువ అంత తక్కువ.

ఇంకొకరు:
కన్నడం చదివే తెలుగువాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ ‘కలె’ అంటే విద్య, మరక కూడా. ‘కళె’ అంటే కలుపు మొక్క, ముఖంలో కాంతి. తమిళంలోనూ కలై విద్య, కళై కలుపు. మన ‘కళ’ను ళతోనే మోసుకెళ్తే కళాసేవ కాస్తా కలుపుసేవ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి రాతలో ఎలా? వికలాంగులా, వికళాంగులా?

జవాబు:
వికలాంగులే. సకలం, వికలం రెండూ ఆ ‘కలా’ నుంచే వచ్చినా లకారంతో స్థిరపడ్డాయి. కలాపం కూడా అంతే, భామాకలాపం అనే రాయాలి. విద్య, కాంతి అర్థాల్లో కళ, కళాకారుడు, ఇల్లు కళకళలాడటం. ఊళ్లో రేగేది మాత్రం కలకలం.