తొమ్మిదో తరగతికి శ్రీసభ చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (అమలాపురం దగ్గర నుంచి):
అందరికీ నమస్కారం అండీ. నేను ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషన్) హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఈ ఏడాది సత్యోపదేశం (మతబోధ) పీరియడ్‌లో శ్రీసభ (కతోలిక సంఘం) చరిత్ర కూడా చెప్పమన్నారు. వారానికి ఒక్క పీరియడే. క్లాసులో లూథరన్ పిల్లలూ, హిందువుల పిల్లలూ కూర్చుంటారు. మొదటి రోజే ఒక అబ్బాయి లేచి "టీచర్, మీ చర్చికీ మా చర్చికీ తేడా ఏంటి?" అన్నాడు. తర్వాత చెబుతానని కూర్చోబెట్టాను. అప్పటి నుంచీ ఒకటే టెన్షన్. ఎవరి మనసూ నొప్పించకుండా, అబద్ధమూ చెప్పకుండా ఎలా అండీ?

జవాబు (నరసాపురం, రిటైర్డ్ టీచరు):
మేడమ్ గారూ, ఆ అబ్బాయి అడిగిందే మీ మొదటి పాఠం. 1517లో మార్టిన్ లూథర్ (లూథరన్ల పేరు ఆయన నుంచే వచ్చింది) పాపపరిహార పత్రాల, అంటే పాపాలకు పడే శిక్ష తగ్గుతుందని ఇచ్చే పత్రాల అమ్మకాన్ని తప్పుపట్టాడని, ఆ అమ్మకం నిజంగానే తప్పని చెప్పండి. దాచొద్దు. ఇటలీలో కతోలిక బిషప్పులు జరిపిన ట్రెంట్ మహాసభ (1545–1563) ఆ వ్యాపారానికి అడ్డుకట్ట వేసిందనీ చెప్పండి. 1999 అక్టోబరు 31న లూథరన్లూ కతోలికులూ ఆగ్స్‌బర్గ్‌లో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. ఆ సంగతి చెప్పకుండా మాత్రం పాఠం ముగించకండి. ఇద్దరు పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు కదా.

నేను మొదటి ఏడాది పోపుల పేర్లు, తేదీలు బట్టీ పట్టించాను. పరీక్ష అయ్యాక ఒక్కటీ మిగల్లేదు. మరుసటి ఏడాది ఫాదర్ గారిని అడిగి, విచారణలోని (అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి పరిధిలోని) పాత పెళ్ళిళ్ళ రిజిస్టరులో ఒక పేజీ పేర్లు కనపడకుండా కప్పి చూపించాను. ప్రతి విచారణ గురువూ ఇలాంటి పుస్తకం ఉంచాలని 1563లో ట్రెంట్ మహాసభే ఆదేశించింది. ఎక్కడి ఇటలీ, ఎక్కడి మన కాలవగట్టు! పిల్లలు ఆ పేజీని వదల్లేదు.

ఇంటిపని కూడా ఇవ్వండి. చర్చిలో పూజ లాటిన్ భాషలో జరిగిన రోజులు గుర్తున్న తాతయ్యలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళనడిగి రాసుకొస్తే రెండో వాటికన్ మహాసభ (1962–1965) ఏం మార్చిందో పిల్లలే చెబుతారు.

జవాబు (పాలకొల్లు నుంచి):
ఇంకో మాట అండీ. ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉన్న స్కూల్లో మతబోధకు హాజరు కమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. మైనర్లయితే తల్లిదండ్రుల అంగీకారం కావాలి. ముందే కాగితం మీద తీసుకోండి. చరిత్రగా చెప్పేది సోషల్ పీరియడ్‌లో చెప్పండి, ప్రార్థన అందులో కలపకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. గెలీలియో గురించి అడిగితే?

నరసాపురం మాస్టారు:
భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో శ్రీసభ ఆయన్ని విచారించి శిక్షించింది, 1992లో రెండో జాన్ పాల్ పోపు గారు అది పొరపాటని ఒప్పుకున్నారు. రెండు తేదీలూ పక్కపక్కనే బోర్డు మీద రాయండి. మధ్య ఎన్నేళ్ళో పిల్లల్నే లెక్క కట్టమనండి.

ప్రశ్న అడిగినవారు:
సరే మాస్టారూ. సోమవారం ఆ అబ్బాయినే లేపి ప్రశ్న మళ్ళీ అడగమంటాను. రిజిస్టరు కోసం రేపు పూజ అయ్యాక ఫాదర్ గారిని కలుస్తాను.