మొదటిసారి ఫాండెంట్ కేక్: ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమట పట్టేసింది, ఏం చేయాలి?

కాకినాడ వంటిల్లు:
మా బాబు అయిదో పుట్టినరోజు వచ్చే ఆదివారం. ఏనుగు ఉన్న కేకే కావాలని నెలరోజులుగా ఒకటే గొడవ. ట్రయల్‌గా నిన్న చిన్న కేకు చేసి, విప్పింగ్ క్రీమ్ రాసి పైన ఫాండెంట్ (చపాతీలా వత్తి కేకు మీద పరిచే పంచదార ముద్ద) కప్పాను. కప్పుతున్నప్పుడే అంచులు పగిలాయి, సరేలే అని ఫ్రిజ్‌లో పెట్టి రెండు గంటలాగి తీస్తే పైనంతా నీటి బొట్లు, ముట్టుకుంటే బంకలా వేలికి అంటుకుంటోంది, ఏనుగు తొండమైతే ఊడి పడిపోయింది. "పాపం, ఏనుక్కి జ్వరమొచ్చిందే" అని మా అత్తగారు ఒకటే నవ్వు. అసలు కేకు 8 అంగుళాలది, 4 అంగుళాల ఎత్తు. ఎంత ఫాండెంట్ కొనాలి? ఏసీ బెడ్‌రూమ్‌లోనే ఉంది.

బెజవాడ బేకర్:
ఫాండెంట్‌లో ఉండేది చాలావరకు పంచదారే కదండీ, తడి తగిలితే కరుగుతుంది. విప్పింగ్ క్రీమ్‌లో నీళ్లెక్కువ, పైగా దాన్ని ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు, బయటికి తీశాక మన కోస్తా గాలికి చల్లనీళ్ల గ్లాసుకి పట్టినట్టే చెమట పడుతుంది. కింద గనాష్ వేయండి, అంటే వేడి క్రీమ్‌లో కరిగించిన చాక్లెట్. డార్క్ చాక్లెట్ 400 గ్రాములకి క్రీమ్ 200, ఎండల్లో క్రీమ్ ఇంకాస్త తగ్గించినా ఫర్వాలేదు. పల్చగా ఒక పూత, అది గట్టిపడ్డాక ఇంకో పూత, రాత్రంతా వదిలేయండి. మీ కొలతకి పైన 8, రెండు పక్కలా నాలుగేసి, అంటే 16 అంగుళాల చపాతీ, చేయి తిరిగేదాకా ఇంకో అంగుళం పెద్దదే వత్తుకోండి. మందం 3, 4 మిల్లీమీటర్లు. కిలో తెచ్చుకుంటే నిశ్చింత. పగుళ్లంటారా, సరిగ్గా పిసక్కపోయినా వస్తాయి, వత్తేటప్పుడు కార్న్‌ఫ్లోర్ ఎక్కువ చల్లినా వస్తాయి. చేతికి కాస్త వనస్పతి రాసుకుని పిసకండి, వాడని ముద్దని గాలి తగలకుండా కవర్లో చుట్టి పెట్టండి.

తీపి పిచ్చి:
బేకర్ గారు చెప్పింది కరెక్టే గానీ, మొదటిసారే కేకంతా కప్పే టెన్షన్ ఎందుకండీ? మా ఇంట్లో పిల్లలైతే ఆ పొర ఒలిచి ప్లేట్లో పడేసి లోపలి కేకే తింటారు. మీరు క్రీమ్ కేకే చేసి, ఏనుగు ఒక్కటే ఫాండెంట్‌తో చేయండి, అదీ బుధవారమే. పావుకిలో ముద్దకి ఒక టీస్పూన్ టైలోస్ పౌడర్ కలిపితే గట్టిగా ఆరుతుంది. తొండం లోపల పచ్చి స్పగెట్టీ పుల్ల గుచ్చండి, టూత్‌పిక్ మాత్రం వద్దు, పిల్లలు చూసుకోకుండా కొరికేస్తారు. రంగుకి జెల్ కలరే, నల్లది సూదిమొనంత వేస్తే బూడిద రంగు వచ్చేస్తుంది. నీళ్ల రంగు పోస్తే మళ్లీ బంకే. ఆరేదాకా ఫ్రిజ్‌లోనూ మూత బిగించిన డబ్బాలోనూ పెట్టకండి. కట్ చేసే ముందు, కింద చిన్న అట్టముక్క వేసి కేకు మీద నిలబెట్టండి.

ఇంకోటి, శాకాహారులు వస్తుంటే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకోండి, కొన్నిట్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది.

గోదారి గట్టు:
ఎప్పుడైనా ఫాండెంట్ కేకు ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే అట్టపెట్టెలో పెట్టండి. తీశాక చల్లదనం పోయేదాకా పెట్టె తెరవకండి, చెమటేదో పెట్టెకే పడుతుంది. అయినా పట్టిందా, వేలు పెట్టకుండా ఫ్యాన్ కింద వదిలేయండి, చాలావరకు అదే ఆరిపోతుంది.

కాకినాడ వంటిల్లు:
అందరికీ థాంక్సండీ. ఈసారికి ఏనుగు ఒక్కటే, కేకంతా కప్పడం వచ్చే ఏడాది చూద్దాం. బెడ్‌రూమ్‌లో బీరువా మీద ఆరబెడతాను, వాడికి అందదు. టైలోస్ ఇక్కడ రెండు షాపుల్లో అడిగాను, లేదన్నారు, సీఎంసీ పౌడర్ ఉందిట. అది వాడొచ్చా?

తీపి పిచ్చి:
నిక్షేపంలా వాడొచ్చు. కలిపాక ముద్దని కవర్లో చుట్టి ఓ గంట పక్కన పెట్టండి.